బంతి చంకలో పెట్టుకుని నడిచినవాడు

బంగారూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పింది ఒక్కటే: "ఐదో నిమిషంలోనే గోల్ పడింది నాన్నా, ఆ తర్వాత ఏం ఆడామో మాకే తెలీదు." నీ గొంతు విని అప్పుడేం మాట్లాడలేకపోయాను. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేదానివి కదా, నీకు దీదీ గురించి రాయాలనిపించింది. ఎవరో అక్క అనుకునేవు, బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు. అసలు పేరు వాల్దీర్ పెరేరా. 1928లో రియో రాష్ట్రంలోని కాంపోస్‌లో పుట్టాడు.

1958 జూన్ 29, ప్రపంచకప్ ఫైనల్. ఆడుతున్నది స్వీడన్‌లో, స్వీడన్ మీదే. నాలుగో నిమిషంలో స్వీడన్ ఆటగాడు లీడ్‌హోమ్ గోల్ కొట్టేశాడు. బ్రెజిల్ వాళ్లకి అది మామూలు గోల్ కాదు తల్లీ. ఎనిమిదేళ్ల కిందట సొంత మరకానా స్టేడియంలో, చేతికందిన కప్పు ఉరుగ్వే ఎగరేసుకుపోయింది. మళ్లీ అదే అవుతుందా అని అందరికీ దడ.

అప్పుడు దీదీ బంతిని చంకలో పెట్టుకుని సెంటర్ సర్కిల్ దాకా నడిచాడు. పరుగెత్తలేదు, నడిచాడు. కొంపలేం మునగలేదన్నట్టు, తోటివాళ్లకి ధైర్యం చెప్పుకుంటూ. పదిహేడేళ్ల పెలే ఆ జట్టులోనే ఉన్నాడు. ఆ పిల్లాడికి ఆ నడక చూస్తే ఎలా అనిపించి ఉంటుందా అని చాలాసార్లు అనుకుంటాను. తొమ్మిదో నిమిషంలో వావా గోల్‌తో స్కోరు సమం, ఆఖరికి 5-2. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు పెలే కాదు, ఆ జట్టులోనే ఆడిన గారించా కాదు, దీదీ.

పద్నాలుగేళ్లప్పుడు ఆటలో దెబ్బ తగిలి, అతని మోకాలు చీము పట్టింది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు. నెలల తరబడి చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. నీ మోకాలికి కట్టు కట్టిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ పిల్లాడే, నీకు చెప్పలేదంతే.

అతని ఫ్రీకిక్‌ని 'ఎండుటాకు' అనేవారు. బంతి, అడ్డంగా గోడలా నిలబడ్డ అవతలి జట్టు వాళ్ల తలల మీదుగా లేచి, గోల్ దగ్గరికొచ్చాక గాలిలో ఊగి, ఉన్నట్టుండి కిందికి దిగేది. చీలమండ నొప్పి వల్ల పాదం వేరేలా పెట్టి కొట్టబోతే అలవాటైన కిక్ అది అంటారు. 1957 ఏప్రిల్‌లో మరకానాలో పెరూ మీద ఒకే ఒక్క గోల్‌తో బ్రెజిల్ ప్రపంచకప్‌కి వెళ్లింది. ఆ గోల్ ఈ ఎండుటాకే!

అదే ఏడు తన క్లబ్ బొటాఫోగో రియో ఛాంపియన్ అయితే మరకానా నుంచి ఇంటికి నడిచి వెళ్తానని మొక్కుకున్నాడట. గెలిచారు. జెర్సీ కూడా విప్పకుండా నడిచాడు, వెనక జనం. నాకు ఆ నడక కూడా ఇష్టం.

స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో మాత్రం ఇమడలేకపోయాడు. ఒక్క సీజన్‌కే తిరిగొచ్చేసి, 1962లో మళ్లీ ప్రపంచకప్ గెలిచాడు. 1970 ప్రపంచకప్‌కి పెరూ కోచ్‌గా వచ్చి, క్వార్టర్ ఫైనల్లో తన దేశం చేతిలోనే 4-2తో ఓడాడు.

శనివారం మ్యాచ్‌కి అమ్మా నేనూ వస్తున్నాం. పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరతాం. గోల్ పడితే ఈసారి బంతి నువ్వే తెచ్చుకో, నెమ్మదిగా. మోకాలికి క్యాప్ మర్చిపోకు.

నాన్న