జనవరి సీసా

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరే పకోడీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, తిట్టినంతా పడతాను. అమ్మ మోకాలు పర్వాలేదు. చంటిది బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి దంచుతోంది. అద్దె పెంచారు. అంతే కబుర్లు. అసలుది చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా ప్రాజెక్టు గురించి చెప్పానా? వియన్నా అణుశక్తి సంస్థ కింద 1972 నుంచీ ఆసియా, పసిఫిక్ దేశాల సహకార ఒప్పందం ఒకటి నడుస్తోంది. అణు అనగానే బాంబు అనుకోకు, మీ మామయ్యలాగ! మాది నీళ్ళ లెక్క. వాననీటిలో బరువు ఆక్సిజన్, బరువు హైడ్రోజన్ (అంటే మామూలు వాటికంటే బరువైన రకాలు) ఎంతున్నాయో చూస్తే బావిలోకి ఏ నీరు చేరుతోందో తెలుస్తుంది. చేసిన పనికి దేశం తరఫున ప్రగతి నివేదిక వెళ్ళాలి. ఏం చేశాం, ఎవరికి శిక్షణ ఇచ్చాం, వచ్చిన పరికరం నడుస్తోందా, మన వాటా ఖర్చెంత, ఏం ఇబ్బందులొచ్చాయి... అన్నిటికీ గళ్ళే. మా ల్యాబు ముక్క నా నెత్తిన పడింది. సారు చెప్పింది ఒకటే మాట: "గడి ఖాళీగా ఉండకూడదు."

సరే, రాత్రి పదకొండింటికి గ్రాఫు వేస్తున్నాను. వాన నీళ్ళ నమూనాల చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీద పడతాయిరా. 1961లో క్రెయిగ్ అనే ఆయన కనిపెట్టిన గీత అది, బరువు హైడ్రోజన్ తేడా అంటే ఎనిమిది ఇంటూ బరువు ఆక్సిజన్ తేడా, ప్లస్ పది (తేడా అంటే సముద్రపు నీటితో పోలిస్తే వెయ్యికి ఎంత అని). మా చుక్కలూ బుద్ధిగా కూర్చున్నాయి, ఒక్కటి తప్ప. పంక్తిలోంచి అలిగి లేచిపోయినవాడిలా గీత కింద, దూరంగా. ఎండకి ఆవిరైన నీళ్ళే అలా జారతాయి. తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువువి మిగులుతాయి. ఆ నీళ్ళొచ్చిన సీసా చీటీ చూశాను. పర్లాకిమిడి దగ్గర కొండకింద బడి, జనవరి. ఒరే, ఆ జనవరిలో అక్కడ చినుకన్నది లేదు!

పొద్దున్నే బస్సెక్కి పర్లాకిమిడి, అక్కణ్ణించి ఆటోలో కొండకింద బడికి. వానమాపకం చూసేది అక్కడి కాపలా తాత. నన్ను చూసి టీ పెట్టించాడు. నేను నసుగుతూ అడిగాను.

"వానేదీ బాబూ ఆ నెల్ల?" అన్నాడు, నేనే వెర్రివాణ్ణన్నట్టు.

"మరి సీసాలో నీళ్ళో?"

"కాళీ సీసా ఎలాగంపీది? పెద్దోలు అడిగితే నానేటి సెప్పీది? పెరట్ల తొట్టుంది గదా, దాన్లోయి పోసీసినాను. మీరు సెప్పినట్టే పైన నూనె కూడా ఏసినాను."

పారఫిన్ నూనె! నీరు ఆవిరవ్వకుండా సీసాలో వెయ్యమని మేమే నేర్పాం. వారాలపాటు ఎండిన తొట్టినీటికి భక్తిగా నూనె మూత! నాకు నవ్వాగలేదు. తాతా నవ్వేశాడు, ఎందుకో తెలియకపోయినా. ఖాళీగా వస్తే ఖాళీ అని చీటీ రాయాలని మేం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చూడు. తప్పు...

తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. మన ఇంటర్ ప్రాక్టికల్లో 'పది పాయింటు రెండు, పది పాయింటు రెండు, పది పాయింటు రెండు' అని మూడు రీడింగులూ రాసేశావు, గుర్తుందా? బ్యూరెట్ ఇంకా కడగనే లేదు నువ్వు! ఇదిగో, శిక్షణ గడిలో నేను పద్నాలుగు అని రాశాను. చివరిదాకా కూర్చున్నది తొమ్మిది మంది. లబ్ధిదారుల గడి ఎలా నింపానో అడక్కు, ఊరి జనాభాకి ఏదో కలిపాను, ఏదో పెట్టి గుణించాను.

నిన్న శిక్షణ తొమ్మిది చేశాను. లబ్ధిదారుల గడి చెరిపేశాను. ఇబ్బందుల గడిలో "జనవరి నమూనా చెల్లదు, వాన లేదు" అని రాశాను. సారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంత వివరం అవసరమా?" అన్నాడు. కొట్టెయ్యలేదు, సంతకమూ పెట్టలేదు. రేపు పదింటికి పంపాలి. తాత పేరు ఎక్కడా రాకుండా చూశాను. కానీ ఆయన్ని మార్చేస్తారేమోనని...

ఇంకోటి చెప్పాలి, మన గోపాలపూర్ సముద్రం దగ్గర ఆ మహానుభావుడు కనిపించాడు, అదే, నీకు గొడుగు బాకీ ఉన్నవాడు. అదొక పెద్ద కథ. కింద కుర్రాడు హారను కొడుతున్నాడు, రైలు వేళయిందట. ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా, అప్పడాల కట్ట కూడా.