కుబుసం విడవబోయే తేలు గురించి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. మూడు వారాలుగా నువ్వు పెట్టెలో పెంచుకుంటున్న అడవి తేలు కీచురాళ్ళను ముట్టడం లేదనీ, రాత్రిపూట కూడా బెరడు ముక్క కింద నుంచి కదలడం లేదనీ, జబ్బు చేసిందేమో బయటికి తీసి చూస్తాననీ రాశావు. దయచేసి ఆ పని చేయకు. నువ్వు పంపిన ఫోటోలో దాని ఒళ్ళు ఉబ్బి, పొట్ట పక్కన పైపలకలకూ కింది పలకలకూ నడుమ ఉండే పలుచని పొర బాగా సాగి కనబడుతోంది. రెండంగుళాల పిల్లతేలు ఇలా ఉపవాసం ఉండి ఉబ్బిందంటే కుబుసం విడవడానికి సిద్ధమవుతోందనే నా నమ్మకం. అదే పూర్తిగా ఎదిగిన ఆడతేలయితే గర్భమని అనుకునేదాన్ని, ఎందుకంటే ఎదిగిన తేళ్ళు ఇక కుబుసం విడవవు.

తేలు ఒంటిని కప్పిన పెంకు పెరగదు. అందుకే పాత పెంకు కింద మెత్తని కొత్త పెంకు తయారయ్యాక, పాతదాన్ని ముందువైపు చీల్చుకొని బయటికి రావాలి. మొదటి కుబుసాన్ని తల్లి వీపు మీద ఉండగానే విడుస్తుంది. చాలా జాతులు మొత్తం మీద 5 నుంచి 7 సార్లు విడిచి పెద్దవవుతాయి. కాళ్ళూ కొండీ మాత్రమే కాదు, ఊపిరి తీసుకునే అవయవాల లోపలి పొర కూడా పాత పెంకుతో పాటే ఊడి రావాలి కనుక, అది ఎంత కష్టమైన పనో ఆలోచించు.

ఈ దశలో నువ్వు చేయగలిగినదల్లా తేమను సరిగ్గా ఉంచడమే. గాలి పొడిబారితే పాత పెంకు కాళ్ళ కీళ్ళ దగ్గరా తోక కణుపుల దగ్గరా అతుక్కుపోతుంది. నీది అడవి జాతి కనుక తేమ 75 నుంచి 80 శాతం, వేడి 25 నుంచి 29 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. నీళ్ళు తేలు మీద చిమ్మకుండా, పెట్టె మూలన మెల్లగా పోస్తే కొబ్బరి పొట్టు అడుగు పొరలు తడిసి, పైపొర కాస్త ఆరినట్టు ఉంటుంది. పిడికెడు తీసి నొక్కితే ముద్ద కట్టాలి గాని నీళ్ళు కారకూడదు. తేమ నిలవాలని గాలి రంధ్రాలు మాత్రం మూసేయవద్దు, బూజు పడితే తేలుకూ సోకుతుంది. పెట్టెను వెచ్చబరిచే హీట్ మ్యాట్‌ను అడుగున కాక పక్క గోడకు అంటించు, వేడి తప్పించుకోవడానికి తేలు కిందికే తవ్వుకుంటుంది మరి.

కిందటి నెల నా ఎంపరర్ తేలు (పెద్ద నల్ల ఆఫ్రికా జాతి) కుబుసం విడుస్తుంటే మసక ఎర్ర లైటులో దూరంగా కూర్చుని చూశాను. నోటి పైనున్న పెంకు అంచు మూతలా లేచింది. నోటి ముందరి చిన్న పట్టుకార్లు వచ్చాయి, తర్వాత డెక్కలు, తర్వాత కాళ్ళు, అన్నిటికన్నా చివర తోక. కాసేపు లాగడం, చాలాసేపు ఆగడం, ఇలా రాత్రంతా గడిచింది. తెల్లవారుజామున ఒక్క క్షణం యూవీ టార్చి (దాని అతినీలలోహిత కాంతిలో తేలు పెంకు మెరుస్తుంది) వేస్తే, విడిచిన కుబుసం ఆకుపచ్చగా మెరుస్తోంది, పక్కనే పాలిపోయి పడుకున్న తేలు మాత్రం మెరవలేదు. కొత్త పెంకు గట్టిపడే కొద్దీ ఆ మెరుపు మళ్ళీ వస్తుంది.

నా మొదటి తేలు ఎలా పోయిందో నీకెప్పుడూ చెప్పలేదు. ఆకలితో ఉందేమోనని జాలిపడి, రాత్రి పెట్టెలో ఒక కీచురాయిని వదిలి పడుకున్నాను. ఆ రాత్రే అది కుబుసం విడిచింది. మెత్తగా ఉన్న ఒంటిని కీచురాయి కాళ్ళ మొదట్లో కొరికేసింది. ఉదయానికి తేలు బతికే ఉంది గాని సాయంత్రం వరకు నిలవలేదు. అందుకని ఈ ఉత్తరం చదవగానే పెట్టెలో తిరుగుతున్న కీచురాళ్ళన్నిటినీ వెతికి తీసెయ్యి. నీళ్ళు పోసిన మూత మాత్రం ఉంచు.

ఒక కాలికి పాత పెంకు చిక్కుకొని కనబడినా లాగవద్దు, లాగితే కాలే ఊడివస్తుంది. తేమ కొంచెం పెంచి ఆగు. ఒక కాలు పోయినా తేలు బతుకుతుంది, నలిగితే బతకదు. విడిచాక వారం, పది రోజుల వరకు తిండి పెట్టకు. కొండి ముల్లూ నోటి పట్టుకార్లూ నల్లబడి గట్టిపడ్డాక, ముందుగా చంపిన చిన్న కీచురాయిని పెట్టి చూడు.

కుబుసం ఆరితే పెళుసుబారిపోతుంది, కాబట్టి తేలు దాని నుంచి దూరంగా జరిగిన తర్వాత పొడవాటి చిమటాతో తీసి, దూది పరిచిన డబ్బాలో ఉంచు. కడుపు వైపు, చివరి జత కాళ్ళ వెనుక, దువ్వెనల్లాంటి అవయవాలు రెండు ఉంటాయి. మగవాటికి అవి పొడుగ్గా ఉంటాయి. వాటిని దగ్గరగా ఫోటో తీసి పంపితే, నీది ఆడదో మగదో నా దగ్గరున్న కుబుసాలతో పోల్చి చూసి రాస్తాను.

ఇట్లు,
మీ అక్కయ్య