అవలాంచ్ (కొండ వాలు మీంచి మంచు ఒక్కసారిగా జారిపడటం) బులెటిన్లు ఇచ్చే ఆఫీసర్ గారికి బహిరంగ లేఖ

సార్, ప్రమాద స్థాయి 3 అని ఒక్క అంకె వేసి వదిలేస్తే కొండెక్కేవాళ్ళకి ఏం అర్థమవుతుంది చెప్పండి. ఐదింట్లో మూడు అంటే ఓ మోస్తరే కదా అనుకుని బయల్దేరిపోతున్నారు, నిజానికి చాలా ప్రాణాలు పోయేది ఈ స్థాయి ఉన్న రోజుల్లోనే.

పైన మంచు గట్టిగా బాగానే కనిపిస్తుంది, కానీ సీజన్ మొదట్లో పల్చగా పడ్డ పొర చలికి పంచదారలా పొడిపొడిగా అయిపోయి వారాల తరబడి అడుగున అలాగే ఉండిపోతుంది, దానిమీద గాలి ఇంకా మంచు తెచ్చి పోస్తే ఒక్క మనిషి బరువు చాలు పైనున్న గట్టి మంచు పలక మొత్తం తెగి జారిపోడానికి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే ఇది ఎక్కువ, కానీ కింద చదునులో నడుస్తున్నా పైన పలక తెగొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీదు సార్. కూరుకుపోయినవాళ్ళని 15 నిమిషాల్లోపు తీయకపోతే బతికే ఛాన్స్ బాగా పడిపోతుంది, రెస్క్యూ టీమ్ అంతలోపు రావడం చాలా కష్టం.

అందుకే అడుగుతున్నా, ఏ దిక్కు వాలు, ఎంత ఎత్తులో, ఏ పొర బలహీనంగా ఉంది, మంచులో గుంట తవ్వి పొరలు చూసింది ఎప్పుడు, ఇవన్నీ మామూలు మాటల్లో రాయండి. చూడకపోతే చూడలేదనే రాయండి, అదీ మాకు పనికొచ్చే సమాచారమే. వచ్చే బులెటిన్ నుంచే మొదలుపెట్టండి సార్, ప్లీజ్.