మన వాగుల అనుభవం హిమాలయాల్లో చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం. అక్షయ తృతీయకు గంగోత్రి, యమునోత్రి ఆలయాల తలుపులు తెరుచుకుంటాయి. అంతకు ముందే హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల చౌరస్తాల్లో చార్‌ధామ్ ప్యాకేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. కాజీపేటలో ఢిల్లీ రైలెక్కే ఈ బృందాల్లో పెద్దవయసు వాళ్లు చాలామంది ఉంటారు. స్వెట్టర్లు, బీపీ మాత్రలు, ఆధార్ జిరాక్సులు తెచ్చుకోమని ట్రావెల్స్ వాళ్లు జాగ్రత్తగానే చెబుతున్నారు. ఎలాంటి చోట రాత్రి బస చేయకూడదో, కొండ మీంచి చిన్న రాళ్లు రాలుతుంటే ఏం చేయాలో మాత్రం చెప్పేవాళ్లు లేరు. ఆ లోటు గురించే ఈ లేఖ.

మనవాళ్లకు వరద తెలియక కాదు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జంపన్నవాగు కొండాయిని ముంచింది. ఇంత చూసినవాళ్లు సహజంగానే తమ అనుభవాన్ని నమ్ముకుంటారు. అయితే ఇక్కడి వాగులు నేర్పిన లెక్కలు కొన్ని హిమాలయాల్లో తలకిందులవుతాయి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

వాగు తగ్గితే గండం గడిచిందనుకోవడం మనకు అలవాటు. కొండ నదిలో, అందులోనూ వాన పడుతూ ఉండగానే, నీరు ఒక్కసారిగా తగ్గి బురద రంగుకు తిరిగిందంటే ఎగువన కొండచరియ విరిగి నదికి అడ్డం పడి ఉండవచ్చు. ఆ అడ్డుకట్టకు మత్తడి ఉండదు, తూము ఉండదు, రోలర్ తొక్కించిన కట్ట అసలే కాదు. నీరు దాని మీంచి పొర్లడం మొదలైతే పొర్లిన చోటే కోసుకుపోతుంది. కోత పెరిగిన కొద్దీ ప్రవాహం, ప్రవాహం పెరిగిన కొద్దీ కోత పెరిగి కట్ట కాసేపట్లో కొట్టుకుపోతుంది. 2013 జూన్ 17 ఉదయం కేదార్‌నాథ్ మీదికి దూకిన చోరాబారి సరస్సుకు ఉన్నదీ ఇలాంటి వదులు గట్టే. హిమానీనదం తన అంచున పోసిన రాళ్లూ మట్టీ కలిసిన గుట్ట అది. దాన్ని మొరైన్ అంటారు.

కాబట్టి నది తగ్గిందని కిందికి దిగి చూడటం, స్నానానికి వెళ్లడం ప్రాణాంతకం. వెంటనే ఎత్తైన గట్టు మీదికి ఎక్కాలి, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయాలి. కబురు వేళకు అందితే ఎంత మేలో 130 ఏళ్ల కిందటే రుజువైంది. 1893లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో బిరహీ గంగ నదికి అడ్డంగా కొండ కూలి గోహ్నా సరస్సు ఏర్పడింది. ఇంజనీర్లు అక్కడే మకాం వేసి, టెలిగ్రాఫ్ లైను వేయించి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. 1894 ఆగస్టు 25 రాత్రి కట్ట తెగి శ్రీనగర్ పట్టణం (గఢ్వాల్‌లోది) కొట్టుకుపోయింది. చనిపోయింది ఐదుగురే. వాళ్లూ వద్దన్నా వినకుండా వెనక్కి వెళ్లినవాళ్లు.

ఆకాశం తేటగా ఉంటే వరద రాదన్నది మన ఇంకో లెక్క. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో వాన లేదు, ఎండ కాస్తోంది. రోంటి శిఖరం నుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ ఒక్క పెట్టున విరిగి 1,800 మీటర్ల కిందికి పడింది. రాపిడి వేడికి మంచు కరిగి రాళ్ల పొడిని బురదగా మార్చేసింది. రిషిగంగ, తపోవన్ జలవిద్యుత్ కేంద్రాల దగ్గర, లోయ పొడవునా 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం బస. ఏటి పక్కన చదునైన నేల కనిపిస్తే మన దగ్గర అది ఊరు కట్టుకోవడానికి మంచి చోటు. హిమాలయ లోయల్లో చదునైన నేలే అరుదు. ఉన్న కాస్తా చాలాచోట్ల పిల్లవాగు ఇరుకు లోయలోంచి బయటపడి పెద్ద నదిలో కలిసే చోట, తాటాకు విసనకర్ర పరిచినట్టు ఉంటుంది. ఆ నేలను పోసింది ఆ పిల్లవాగే. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చి పోసింది. గంగోత్రి దారిలోని ధరాలీ అలాంటి నేల మీద కట్టిన ఊరు. అక్కడి కల్ప్ కేదార్ గుడి పూర్వమే పూడిపోతే తవ్వి బయటికి తీశారు. 2025 ఆగస్టు 5న ఖీర్ గంగ అనే పిల్లవాగు ఊరితోపాటు ఆ గుడినీ మళ్లీ పూడ్చేసింది. ఆ రోజు దగ్గరలోని వానమాపకాల్లో నమోదైన వాన స్వల్పమే. అంటే కింద హోటల్లో ఉన్నవాళ్లకు వానను బట్టి అంచనా వేసుకునే వీలు కూడా లేకపోయింది.

ఇలాంటి నేలను గుర్తుపట్టడం కష్టం కాదు. హోటల్ వెనక తవ్విన గట్టునో, రోడ్డు కోతనో దగ్గరికెళ్లి చూడండి. నది మెల్లగా పరిచిన ఒండ్రయితే ఇసుక ఒక పొరగా, గులకరాళ్లు ఒక పొరగా వేరుపడి ఉంటాయి. బురదప్రవాహం తెచ్చినదైతే పొరలే ఉండవు. బంకమట్టిలో పిడికెడు రాళ్లు, మనిషెత్తు బండలు ఎక్కడివక్కడ ఇరుక్కుని, అంచులు కోసుగా ఉంటాయి. పొలాల మధ్య, ఇళ్ల మధ్య ఒంటరిగా కూర్చున్న పెద్ద బండలు కనిపించినా అనుమానించాలి. అలాంటి చోట పగలు టీ తాగి పోవచ్చు గానీ రాత్రి పడుకోకూడదు. 1998 ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని మాల్పాలో కైలాస మానససరోవర యాత్రికులు 60 మంది దాకా కొండ కింద రాత్రి బసలోనే సమాధయ్యారు.

అంతంత బండలు ఎలా కదులుతాయని అడుగుతారు. ఘనపు మీటరు గ్రానైట్ బరువు 2.7 టన్నులు. నీళ్లలో మునిగితే నీటి ఒత్తిడి వల్ల 1.7 టన్నులే తూగుతుంది. రాళ్లూ మట్టీ నిండిన ప్రవాహం ఘనపు మీటరుకు రెండు టన్నుల దాకా ఉంటుంది కనుక అందులో అదే బండ బరువు 0.7 టన్నుకు పడిపోతుంది. అందుకే దొర్లుతూ, తేలినట్టుగా ముందు వరసలో వస్తుంది. నిటారు వాగుల్లో దీని వేగం సెకనుకు 10 మీటర్లు దాటవచ్చు. వాగు వెంబడి కిందికి పరుగెత్తి దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. పారే దిక్కుకు అడ్డంగా, పక్క గట్టు మీదికి ఎక్కాలి. బ్యాగుల కోసం, బండి కోసం ఆగొద్దు. మొదటి తాకిడి ఆగాక వెంటనే కిందికి దిగొద్దు కూడా. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మలల మీదికి ప్రవాహం గంటల తేడాతో ఒకటికి మించి సార్లు వచ్చింది.

పూడిక సంగతి మన జిల్లాల వాళ్లకు బాగా తెలుసు కనుక ఒక లెక్క చెబుతాం. శ్రీరాంసాగర్ నిల్వ 112 టీఎంసీల నుంచి 80 టీఎంసీల చిల్లరకు తగ్గడానికి దశాబ్దాలు పట్టింది. 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో సిక్కింలో గడ్డకట్టిన మొరైన్ గట్టు దక్షిణ ల్హోనక్ సరస్సులోకి జారడంతో పొర్లిన నీరు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. అంటే రెండు టీఎంసీల లోపే, మన లక్నవరం నిండితే పట్టేదానికన్నా తక్కువ. ఆ నీరు తీస్తా లోయలో కోసుకుపోయిన మన్నూ రాయీ 27 కోట్ల ఘనపు మీటర్లు, దాదాపు తొమ్మిదిన్నర టీఎంసీలు. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యాం తుడిచిపెట్టుకుపోయింది. దిగువన కొన్నిచోట్ల నది అడుగే మీటర్ల కొద్దీ పైకి లేచింది. మరుసటి ఏడు వానాకాలంలో తీస్తా బజార్ దగ్గర నది రోడ్డెక్కింది. అడుగు లేచిన నదికి పాత వరద గుర్తులు పనికిరావు. "ఎప్పుడూ ఇక్కడిదాకా రాలేదు" అని హోటల్ యజమాని నిజాయితీగా చెప్పినా ఆ మాటను లెక్కలోకి తీసుకోలేం.

రోడ్డు సంగతి. వెడల్పు కోసం వాలు పాదాన్ని నిట్టనిలువుగా కోసినప్పుడు పైమట్టికి ఆసరా పోతుంది. రాతిపొరలు రోడ్డువైపు వాలి ఉంటే వాననీరు వాటి సందుల్లోకి దిగి పొరల మధ్య రాపిడి తగ్గిస్తుంది. లోతైన వాలులో నీరు ఇంకడానికి సమయం పడుతుంది కాబట్టి వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు కూడా విరగవచ్చు. రక్షణ గోడకు నీరు కారే రంధ్రాలుంటాయి. జోరువాన తర్వాత కూడా అవి ఎండిపోయి ఉన్నా, గోడ పొట్ట ఉబ్బినట్టున్నా దాని వెనక నీరు నిలిచిందని అనుమానించి, ఆ పక్కన బండి ఆపకూడదు. చిన్న రాళ్లు టపటపా రాలడం, చెట్లూ స్తంభాలూ కొత్తగా ఒరగడం, వాలు మీద కొత్తగా బురద ఊట రావడం పెద్దది విరగబోతోందనడానికి గుర్తులు. మంచు కరిగి పారే ఒర్రెలు తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటాయి. దాటాల్సి వస్తే పొద్దున్నే దాటాలి.

డ్యాముల దిగువన నదిలోకి దిగడం గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో ఎగువ డ్యాం నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బలయ్యారు.

ఇప్పుడు మా విన్నపాలు. మొదటిది ట్రావెల్స్ వాళ్లకు. ప్యాకేజీలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచకుండా తిరుగు రైలు టికెట్ బుక్ చేస్తున్నారు. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఉన్న రోజున కూడా డ్రైవర్ బండి తీయడానికి ఆ టికెట్టే కారణమవుతుంది. కనీసం రెండు రోజులు అదనంగా పెట్టండి, ఆ ఖర్చు ముందే ధరలో చూపండి. యాత్రికులు కూడా దాన్ని దండగ అనుకోవద్దు. కరపత్రంలో ప్రతి రాత్రి బస ఏ ఊళ్లో, నదికి ఎంత ఎత్తున అన్నది రాయండి. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు ప్రయాణం పెట్టొద్దు. జులై, ఆగస్టు తేదీలు మానేసి వానలు మొదలవకముందో, సెప్టెంబరు చివరి నుంచో వేసుకుంటే సగం బెడద తగ్గుతుంది.

రెండోది జిల్లా కలెక్టర్లకు. బయల్దేరే ప్రతి బృందం పేర్లు, ఫోన్లు, బస ఊళ్ల జాబితాను ట్రావెల్స్ వాళ్లు కలెక్టరేట్‌లో ఇచ్చి వెళ్లేలా ఆదేశించండి. ఎవరు ఏ లోయలో ఉన్నారో తెలియకపోతే ఇక్కడి కంట్రోల్ రూమ్ చేయగలిగింది చాలా తక్కువ.

మూడోది మీకు. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో కొండచరియల అట్లాస్ ప్రచురించింది. కొండచరియల ముప్పులో 147 జిల్లాల్లో మొదటి స్థానం కేదార్‌నాథ్ ఉన్న రుద్రప్రయాగ్‌ది, రెండోది టెహ్రీది. ఆ పటాన్ని తెలుగు పేర్లతో, యాత్రా మార్గం గీసి, సీజన్‌కు ముందు ఒక్కసారి వేయండి. సీజన్‌లో జిల్లా పేజీలో రోజూ చిన్న బాక్సు చాలు: ఉత్తరాఖండ్ జిల్లాలకు వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరిక రంగు, భారత భూగర్భ సర్వే ముందస్తు సూచన, మూసుకున్న రోడ్ల పేర్లు. భూగర్భ సర్వే 2024లో తెచ్చిన భూస్ఖలన్ యాప్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ పేర్లు కూడా అందులో ఉంటే ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ల ఫోన్లలో వేసి పంపిస్తారు.

ఇట్లు,
భూగర్భశాస్త్రం, జలవనరుల ఇంజనీరింగ్ బోధించిన విశ్రాంత అధ్యాపకులు కొందరు,
హనుమకొండ