దారి తప్పించింది ఉపగ్రహం కాదు

సంపాదకులు గారికి,

జీపీఎస్‌ను నమ్మి యాత్రికుల వ్యాను తిరుపతిలోని ఒక సందులో చిక్కుకుపోయిందని పోయిన ఆదివారం మీ పత్రికలో చదివాను. ఆ సందు మాదే. ఉపగ్రహం దారి తప్పించిందని మీ విలేకరి రాసిన మాట, ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించిన నాకు బాధ కలిగించింది.

ఉపగ్రహం ఎవరికీ దారి చెప్పదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తామున్న చోటునూ, తమలోని అణు గడియారం చూపే సమయాన్నీ నిరంతరం ప్రసారం చేస్తాయి, అంతే. ఆ సంకేతం తనను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను దూరం లెక్కగట్టి, కనీసం నాలుగు ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తేల్చుకుంటుంది. మూడు చాలవా అని పిల్లలు అడిగేవారు. ఫోనులోని గడియారం అంత నిక్కచ్చిది కాదు గనుక దాని తప్పు దిద్దుకోవడానికి నాలుగోది కావాలి. సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఆ రోజు డ్రైవరు ఫోను నేను స్వయంగా చూశాను. నీలి చుక్క సరిగ్గా మా ఇంటి ముందే ఉంది. తప్పింది చోటు కాదు, అందులోని పటం.

ఆ పటానికి సమాచారం అందవలసింది నేల మీది నుంచి. మురుగు కాలువ కోసం సందు చివర తవ్వి నెలలు గడిచినా, దారి లేదన్న బోర్డు సందు మొదట్లో పెట్టలేదు. రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదు తప్ప జవాబు రాలేదు. వేలూరు నుంచి పసిపిల్లలతో కొండకు బయలుదేరిన ఆ కుటుంబం మా అరుగు మీద రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. యాత్రికుల వల్ల బతికే ఊళ్లో దారులు మూసినా, వన్‌వేలు మార్చినా ముందుగా చెప్పేవారే లేరు.

2022 నుంచి మన జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే, 2013 జూలై 1న, జీపీఎస్ లాగే చోటు తెలిపే స్వదేశీ నావిక్ వ్యవస్థకు తొలి ఉపగ్రహం ఎగిరింది. 2023 మే 29న మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారంతో అదే వ్యవస్థకు చెందిన ఎన్‌విఎస్-01 ఉపగ్రహం వెళ్లింది. నడిసంద్రంలోని జాలరికి తుపాను హెచ్చరిక అందించగల వ్యవస్థ అది. ఉపగ్రహాల వెనకున్న అంతటి శ్రమ మీద, ఒక బోర్డు పెట్టని నిర్లక్ష్యపు నింద వేయడం అన్యాయం. దయచేసి ఆ వార్తకు సవరణ వేయండి, మీ విలేకరిని మరోసారి మా సందుకు పంపండి. గొయ్యి ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి