కొబ్బరి పుస్తకం ఏ బీరువాలో?

మెల్‌బోర్న్,
ఆదివారం

బాబాయ్ గారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. పిన్నిని మోకాలి నొప్పి అశ్రద్ధ చెయ్యొద్దని చెప్పండి.

మన ఊరి గ్రంథాలయానికి అట్టపెట్టెల్లో వచ్చిన పుస్తకాలు ఎలా సర్దాలని మొన్న ఫోన్‌లో అడిగారు కదా, అప్పుడు నీళ్లు నమిలాను. నేను యూనివర్సిటీ లైబ్రరీలో చేసేది పార్ట్‌టైం పని. తిరిగొచ్చిన పుస్తకాలను వాటి చోట పెట్టడమే. అయినా రోజూ పుస్తకాల మీద వేసిన నంబర్లతో కుస్తీ పడుతున్నాను కాబట్టి కొంత తెలిసింది.

ఇక్కడ వాడేది 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ తెచ్చిన పద్ధతి, విషయాన్ని బట్టి పుస్తకానికి నంబరు వేస్తారు. విషయాలన్నీ పది తరగతులు, ఒక్కో తరగతి మళ్లీ పది, అందులో ఒక్కోటీ మళ్లీ పది, ఆ తర్వాత చుక్క పెట్టి ఎంత లోతుకైనా పోవచ్చు. 630 వ్యవసాయం, 633.1 ధాన్యాలు, 633.18 వరి. మొదటి వారం ఈ వరి పుస్తకాన్ని తీసుకెళ్లి 633.2, అంటే పశుగ్రాసం, దాని తర్వాత పెట్టేశాను. పద్దెనిమిది రెండు కంటే పెద్దదే కదా! చుక్క తర్వాత ఒక్కో అంకే విడిగా చూడాలని ఇక్కడి పెద్దావిడ నవ్వుతూ చెప్పింది. తప్పుచోట పెట్టిన పుస్తకం పోయినట్టేనట. కంప్యూటర్‌లో ఉంటుంది, చేతికి మాత్రం దొరకదు.

వరితో వంటలు 641.6318. చివర 318 చూశారా? పొలంలోని అంకెలే వంటింట్లోకి వచ్చాయి. కొబ్బరి సాగు 634.61, కొబ్బరి వంటలు 641.6461. ఇది కనిపెట్టిన రోజు భలే సరదా వేసింది. కానీ అంబాజీపేట రైతు కొబ్బరి గురించి అడిగితే మాత్రం రెండు చోట్లకి తిప్పాలి.

ధవళేశ్వరం ఆనకట్ట పుస్తకం ఇంకా చిక్కు. కట్టిన తీరు మీద ఉంటే 627, ఆంధ్ర చరిత్రగా రాస్తే 954.84, కాటన్ దొర జీవితమైతే జీవిత చరిత్రల వైపు. ఎక్కువ పేజీలు దేని గురించి ఉంటే అక్కడికే.

నాకు ఒళ్లు మండేది ఒకటుంది. మతాలకిచ్చిన 200లో 220 నుంచి 280ల దాకా క్రైస్తవమే. మిగతా మతాలన్నీ 290ల్లో ఇరుక్కోవాలి, మన హిందూమతం 294.5. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం రాసిచ్చి, తెలుగుకి 894.827 ఇచ్చారు. తమిళం, మలయాళం, కన్నడం దాటుకుంటూ వస్తేగానీ మనం కనపడం.

మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ రంగనాథన్ గారు 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి వేరు. విషయాన్ని ఏ పంట, ఏ పని, ఏ చోటు, ఏ కాలం అని విడదీసి, కోలన్ (:) లాంటి గుర్తులతో మళ్లీ అతికిస్తారు. నా ఓటు దానికే. అయితే మీ నాలుగు బీరువాలకి అంత అక్కర్లేదు.

బీరువాకో విషయం పెట్టండి, లోపల రచయిత పేరు వరసన సర్దండి. రెండు చోట్ల వెతికే పుస్తకమైతే రెండో చోట అట్టముక్క మీద "వ్యవసాయం బీరువా చూడండి" అని రాసి నిలబెట్టండి. పిల్లల పుస్తకాలు మాత్రం కింది అరలో ఉంచండి. పెట్టెలు నేల మీద వదలకండి, బాబాయ్, చెదలకి మీ రిజిస్టరు తెలీదు.

ఉంటాను. సర్దాక ఒక ఫోటో పంపండి.

మీ అన్నయ్యగారి అబ్బాయి