శీనుకి, చవితి పందిళ్ళ సంగతి

విజయవాడ,
20 జులై 2025

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. అమ్మ మోకాలు నయం, బుజ్జిది కొత్త స్కూల్లో చేరింది, పెదనాన్న ఇంటి తగాదా ఇంకా తేలలేదు. అవన్నీ తర్వాత. నిన్నటి మీటింగు సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు కదా. ఈసారి మా ట్రస్టు ప్రచారం ఖర్చు, తేదీలు రెండూ నాకే అప్పగించారు. ఉన్నది ఐదు లక్షలు. ట్రస్టు పెద్దాయన మొదటి మాటే "25న పేపర్లో అరపేజీ ప్రకటన, ఊరంతా ఫ్లెక్సీలు" అని. సగం డబ్బు అక్కడే సరి! నేను క్యాలెండర్ తీశాను. 27న వినాయక చవితి. ఆ వారం పేపర్ నిండా షాపుల ఆఫర్లు, కూడళ్ళ నిండా నాయకుల బొమ్మలు. మన మాట ఎవరి కంట పడుతుంది?

"పోనీ, వాయిదా వేద్దామా?" అన్నాడాయన. వాయిదా ఎందుకండీ, జనం ఉన్నచోటికే పోదాం, చవితి పందిళ్ళలో నేత్రదానం మీద బుర్రకథ చెప్పిద్దాం అన్నాను. పందిట్లో మైకుంటుంది, కుర్చీలుంటాయి. మన ఖర్చల్లా బుర్రకథ దళానికి ఇచ్చేది, వ్యాను కిరాయి, భోజనాలు. మూడో రోజు నుంచే నిమజ్జనాలు మొదలవుతాయి కాబట్టి తొమ్మిది రోజులుండే పందిళ్ళే ఎంచాను.

అసలు గొడవ కళ్ళు ఇచ్చేవాళ్ళు మనకి చేసే ఫోను దగ్గర వచ్చింది. మనిషి పోయాక కళ్ళు ఆరు గంటల్లోపు తీసుకోవాలి. నేత్రదానం కార్డు మీద సంతకం ఉన్నా, చివరికి ఒప్పుకోవాల్సింది ఇంటివాళ్ళు. అర్ధరాత్రి అంత దుఃఖంలో ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేకపోతే? మన లెక్కల మాస్టారు పోయిన రాత్రి గుర్తుందా, ఆయన కార్డు బీరువాలోనే ఉంది, నంబరేమో... సరేలే, ఇప్పుడొద్దు.

అందుకే రాత్రీపగలూ ఫోన్ ఎత్తే మూడు షిఫ్టుల మనుషులకీ బండికీ కలిపి లక్షన్నర ముందే తీసి పక్కన పెట్టాను. "ఇది ప్రచారం ఖర్చెలా అవుతుంది?" అన్నారు కోశాధికారి. భోజనానికి రమ్మని పిలిచి తలుపు గడియ పెట్టుకుంటామా అండీ అన్నాను. మొత్తానికి ఒప్పుకున్నారు.

కరపత్రాలు ఆగస్టు మొదటి వారంలోనే అచ్చవ్వాలి. ఆ తర్వాత ప్రెస్సులన్నీ చందా పుస్తకాలతోనే సరిపోతాయి. ఫోను 18 నుంచే పనిచేయాలి. విలేకర్ల సమావేశం 22న, జెండా పండగ హడావిడి తగ్గి చవితిది ఇంకా ముదరకముందు. వానకి ఏ రాత్రి ఆట ఆగుతుందో తెలీదు కాబట్టి డబ్బులో పది శాతం ఎవరూ ముట్టకూడదన్నాను.

కథలో ఏం చెప్పించాలో కూడా రాశాను. తీసేది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, ముఖం వికారం కాదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళూ ఇవ్వొచ్చు. డాక్టరు వచ్చేదాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది ఉంచాలి. ఈ చివరిది పాటలో పెడితే బాగుంటుందా, మాటల్లోనా? నువ్వైతే...

బుర్రకథాయన వచ్చేశాడు, కింద నుంచి పిలుస్తున్నారు. ఎఫ్ఎం రేడియో వాళ్ళతో బేరం సంగతి రేపు రాస్తా.

నీ
గోపి